సౌండు క్లబ్బు బాబాయ్

పోయిన నెల మా అబ్బాయి నన్ను విశాఖపట్నంలో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. నాకు చెవుడొచ్చిందని వాడి వాదన. కోడలు నోట్లో నోట్లో గొణుక్కుంటుందని నా వాదన. ఆ తగువు అలా ఉంచండి. అక్కడ నన్నొక గాజు గదిలో కూచోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, "చప్పుడు వినపడగానే చెయ్యెత్తండమ్మా" అందొక పిల్ల.

మొదటి మూడు చప్పుళ్లూ బాగానే వినపడ్డాయి. తర్వాత ఏమీ లేదు. నాకు ఎదురుచూడటం చిన్నప్పట్నుంచీ చేతకాదు. ఈపాటికి ఏదో మోగే ఉంటుంది, నాకే వినపడలేదు, ఫెయిలైపోతాను అని గుండె కొట్టుకుని కొట్టుకుని, ఇక పట్టలేక చెయ్యెత్తేశాను. ఆ పిల్ల గాజు అవతలి నుంచి నవ్వి, "అమ్మా, నేనింకా సౌండు పెట్టలేదు" అంది.

మా వాడు కారెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడిపోయింది. ఇదే తొందర, అచ్చం ఇదే, యాభై ఏళ్లకి పైమాట, విజయనగరంలో ఇంకో డాక్టరు ముందు చూపించాను. ఆ రోజు నవ్వుతో పోలేదు. ఒక మనిషి బతుకుతెరువు పోయింది.

ఆయన పేరు చెప్పను. తన గురించి పదిమంది మాట్లాడుకోవడం ఆయనకి కిట్టేది కాదు. కాలేజీలో మగపిల్లలంతా "మావా" అనేవాళ్లు. నేను బాబాయ్ అనేదాన్ని. ఎవరైనా "మాస్టారూ" అన్నారో, "మాస్టార్ని కాదు నాయినా, మెకానిక్కుని" అని అక్కడికక్కడే దిద్దేవాడు.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. నేను బీయెస్సీ రెండో ఏడు. మాది పొందూరు. విజయనగరంలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఫిజిక్సు క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. ఒకరోజు నోటీసు బోర్డు మీద కాయితం అంటించారు: విద్యార్థుల సౌండు క్లబ్బు పెడుతున్నారట, ఆంప్లిఫయర్లు కట్టడం, మైకులు బాగుచెయ్యడం, టేపు రికార్డింగు నేర్పుతారట. నాకా, మైకుసెట్టంటే చచ్చేంత ఇష్టం. చిన్నప్పుడు ఊళ్లో పెళ్లికి తెచ్చిన హారను గొట్టంలో తలదూర్చి మరీ తన్నులు తిన్నదాన్ని. పేరిచ్చేశాను. ఇచ్చిన క్షణం నుంచి భయం. పిన్నికి తెలిస్తే ఏమంటుందో, షాకు కొడితే ఎవరు చూస్తారో, మగపిల్లల మధ్య ఒక్కదాన్నీ ఎక్కడ కూచోవాలో. రెండు రాత్రులు నిద్ర లేదు.

క్లబ్బు గది ఫిజిక్సు లాబు వెనకాల ఉండేది. అంతకుముందు బ్యాటరీలు పెట్టుకునే కొట్టు అది. తలుపు దగ్గర నన్ను చూసి కుర్రాళ్లు గుసగుసలు మొదలెట్టారు. క్లబ్బు చూసుకునే లెక్చరరు గారు మంచాయనే గానీ, ఆయనా నీళ్లు నమిలారు. "అమ్మాయీ, ఇది కరెంటు పని..." అన్నారు. బల్ల వెనకాల ఖాకీ బట్టల్లో, నలభై దాటిన మనిషి, టంకం పెడుతున్నవాడు తలెత్తాడు. మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు.

"తీగకి ఆడా మగా తెలీదండి. ముట్టుకుంటే ఎవులికైనా ఒక్కలాగే కొడతాది," అన్నాడు, గది అదిరిపోయేలా. "రా గుంటా. ఆ ముక్కాలిపీట లాక్కుని కూకో."

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. నా చేరిక అలా అయింది.

ఆయన గొంతు అదీ. "మంచినీళ్లున్నాయేటి?" అనడిగినా పక్క క్లాసులో పాఠం ఆగిపోయేది. మా వైపు అందరూ కాస్త గట్టిగానే మాట్లాడతారు కాబట్టి మాకది వింతగా తోచలేదు. పైగా ఆయన పాత ఉద్యోగం కలకత్తా దగ్గర గోనెమిల్లులో. మగ్గాల షెడ్డులో పదమూడేళ్లు చేసి, అత్తవారి ఊరు నెల్లిమర్ల వచ్చి పడ్డాడు. కొన్నాళ్లు మైకుసెట్టు దుకాణంలో చేసి, ఆ పని చూసి మా కాలేజీవాళ్లు తీసుకుంటే టెంపరరీగా చేరాడు. పదేళ్లయినా ఆ టెంపరరీ టెంపరరీగానే ఉంది.

మాకు నేర్పిన మొదటి పాఠం వాల్వూ కాదు, తీగా కాదు. చెయ్యి. ఆంప్లిఫయరు మూత తీసి, లోపల నిప్పుకణికల్లా వెలుగుతున్న వాల్వులు చూపించి, "ఎడం సెయ్యి జేబులో ఎట్టండ్రా" అన్నాడు. రెండు చేతులూ లోపల పెడితే షాకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోతుందట. అందరూ జేబుల్లో పెట్టారు. నేను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. "నీకు జేబు లేదు గదేటి! వీపెనకాల ఎట్టుకో." అప్పట్నుంచి ఇప్పటికీ, మిక్సీ బాగులేదని మూత విప్పినా నా ఎడం చెయ్యి వీపు వెనక్కి పోతుంది. మా కోడలు నడుం నొప్పనుకుంటుంది.

ఇంకో వింత. ఏ మిషనైనా బాగుందో లేదో చూడాలంటే ఆయన స్క్రూడ్రైవరు మొనని దాని మీద ఆనించి, కొయ్యపిడిని పళ్లతో కరిచిపట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ట్రాన్సుఫారం గుర్రుమంటన్నాది. బోల్టు వదులు," అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే వదులు. లేదంటే స్పీకరు పెట్టె మీద అరచెయ్యి పరిచి, వైద్యుడు నాడి చూసినట్టు చూసేవాడు. "సౌండంటే సెవితోనే ఇంటారనుకుంటన్నారేటి? ఒళ్లంతా ఇంటాది." మా కుర్రాళ్లకి ఇది ఎంత గొప్పగా తోచిందంటే, నెల తిరిగేసరికి క్లబ్బులో ఉన్న స్క్రూడ్రైవర్లన్నిటి పిడుల మీదా పంటిగాట్లే. నేను మాత్రం కరవలేదు. అందరి ఎంగిలీ అందులోనే ఉంది మరి.

మూడోది, ఆయన ఊతపదం. "నా మొకం సూసి సెప్పు." ఎవరు ఏం చెప్పబోయినా అదే మాట. తల వంచుకుని మాట్లాడితే వినేవాడు కాదు. గడ్డం పట్టుకుని పైకెత్తి, "మొకం సూసి సెప్పు నాయినా. మొకం సూడకుండా సెప్పీదంతా అబద్ధవే," అనేవాడు. నిజాయితీకి అంత విలువిచ్చే మనిషిని చూడలేదని మేమంతా మురిసిపోయాం. ప్రిన్సిపాలుగారు ఒకసారి వెనకనుంచి "ఎవరయ్యా అక్కడ?" అని కేకేస్తే కూడా ఈయన తిరిగి చూడలేదు. తన పని తను చేసుకుంటూ వెళ్లిపోయాడు. అబ్బ, ఏం పొగరు, మగాడంటే ఆయనే అని కుర్రాళ్లు వారం రోజులు చెప్పుకున్నారు. ఎంత తెలివితక్కువవాళ్లమో ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. కళ్ల ముందున్నదంతా చూశాం, ఒక్కటీ అర్థం చేసుకోలేదు.

నాకు టంకం పెట్టడం నేర్పడానికి ఆయన పడ్డ పాట్లు చెప్పాలి. ముందు తీగ వేడెక్కాలి, ఆ వేడికి టంకం దానంతటది కరిగి పాకాలి. నేను తీగ వేడెక్కేదాకా ఆగేదాన్ని కాదు. టంకం తెచ్చి అద్దేసేదాన్ని. పైకి నున్నగా మెరిసేది, లోపల అతికేది కాదు. ఆయన వేలితో ఒక్క మీటు మీటితే ఊడొచ్చేది.

"దొంగ అతుకు," అనేవాడు. "నీకు ఆత్రం ఎక్కువ గుంటా. ఏటైపోతాదని నీ బయం? తీగెక్కడికీ పారిపోదు. ఆగు. దాన్ని బేగి బేగి అంటే అవదు."

"ఆగితే ఇన్సులేషను కాలిపోతాదేమోనని బాబాయ్."

"కాలితే ఇంకో తీగ ఏస్తాం. నువ్వు కాలిపోకు సాలు."

ఇలా ఐదారు నెలలు గడిచాయి. కాలేజీ వార్షికోత్సవం దగ్గరపడింది. క్లబ్బు పిల్లలే కట్టిన ఆంప్లిఫయరు మొదటిసారి సభకి పెడుతున్నాం. ముందురోజు మధ్యాహ్నం హాల్లో రిహార్సలు. నాటకం వాళ్లు మైకుని హారను వైపు తిప్పి పెట్టేశారు. అంతే, మైకు ఈల మొదలైంది. ఆ ఈల విన్నవాళ్లకి తెలుస్తుంది. సన్నగా మొదలై, సూదిలా చెవిలో దిగి, పుర్రె చీల్చేస్తుంది. హాల్లో ఉన్నవాళ్లంతా చెవులు మూసుకున్నారు. మా బాబాయ్ హారను కింద స్టూలెక్కి, మాకు వీపు పెట్టి, తాపీగా స్క్రూ బిగిస్తున్నాడు.

"మావ మన సెవులికి పరీచ్చ ఎడతన్నాడ్రా!" అని ఒకడు గంతులు.

"బాబాయ్!" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి నా గొంతు నాకే జీరపోయింది. ఆయన కదల్లేదు. పరిగెత్తి స్టూలు ముందుకెళ్లి నిలబడ్డాను, వేళ్లు చెవుల్లోనే పెట్టుకుని. ఆయన కిందికి చూశాడు. నా మొహం, నా వేళ్లు చూశాడు. ఒక్క ఉదుటున దూకి ఆంప్లిఫయరు గొంతు తగ్గించాడు. ఈల ఆగింది.

"ఆమాత్రం ఓర్సుకోలేరేట్రా!" అని అరిచి నవ్వాడు. అందరూ నవ్వారు. నేను దగ్గరే ఉన్నాను కాబట్టి చూశాను, ఆయన కళ్లు మాత్రం మా అందరి చెవులకేసే తిరుగుతున్నాయి, ఎవరి వేళ్లయినా ఇంకా అక్కడే ఉన్నాయేమోనని.

వార్షికోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. మైకుకి దగ్గరలో నేనే కూచుని, ఈల లేచే సూచన వచ్చినప్పుడల్లా ఆయన వైపు చూసి చెయ్యి కిందికి ఊపాను. ఎందుకలా చేశానో నేనెవరికీ చెప్పలేదు. ఆయనా అడగలేదు. కానీ నాకు లోపల ఒక పురుగు దొలుస్తోంది. ఇంట్లో అన్నం ముందు కూచున్నా అదే ఆలోచన. నాలుగోరోజు ఉండబట్టలేక ఒక పాపిష్టి పని చేశాను.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన తలెత్తి నా వైపు చూసిన క్షణం పట్టుకుని, గొంతు బొత్తిగా లేకుండా, ఉత్త పెదాలు కదిపి, "టీ తాగుతావా బాబాయ్?" అన్నాను.

"వద్దులే. ఇప్పుడే తాగేను," అన్నాడు.

అని టంకం కర్రు మీదకి వంగబోయి ఆగిపోయాడు. నా మొహంలో ఏం కనపడిందో! నాకైతే ఏడుపొచ్చేసింది. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎంతమందికి తెలుసు?"

"నాకొక్కదానికే."

ముక్కాలిపీట నా ముందుకి లాక్కుని కూచుని చెప్పాడు. మిల్లు షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారి ఆడతాయట. అక్కడ పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. పనివాళ్లంతా పెదాలు చూసి మాట్లాడుకుంటారు. నవ్వులాటలూ తగువులూ కూడా పెదాలతోనే. "మొదట్లో ఆ మాట నేర్సుకోడానికి నాకు ఆరు నెల్లు పట్టినాది. మిల్లు మానేసి ఇంటికొస్తే, ఇంటి దగ్గరా అదే మాట మిగిలినాది." లావు గొంతులు కొంచెం తెలుస్తాయట. సన్నగొంతులు, పిట్టలు, పసిపిల్లలు, మైకు ఈల, వాళ్లావిడ పిలుపు, ఇవేవీ లేవట. "మా మనవరాలు పుట్టింది మొన్న. ఏడస్తన్నాదని సూసి తెలుసుకోవాల."

"లెక్చరరు గారికి చెబుదాం బాబాయ్. మంచాయన."

"సౌండు మెకానిక్కుకి సెవుడంటే ముందు నవ్వుతారు తల్లీ. నవ్వినాక జాలిపడతారు. నవ్వితే పడతాను గానీ జాలి మాత్రం నానోర్సుకోలేను."

గుంటా అనే మనిషి తల్లీ అన్నాడంటే అది నవ్వులాట కాదని నాకు తెలుసు. నోరు కుట్టేసుకున్నాను.

ఆ తర్వాత నెలలోనే పిడుగు పడింది. పిడుగంటే మంచి కబురే. వార్షికోత్సవంలో మైకు చూసి ప్రిన్సిపాలుగారు సంతోషించి, ఆయన్ని పర్మనెంటు చెయ్యమని రాశారు. పైనుంచి ఒప్పుకుంటూ కాయితం వచ్చింది. కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని లాబు చుట్టూ తిప్పారు. ఆయన పైనుంచి నవ్వుతూనే నన్ను వెతుక్కున్నాడు. నేను వెళ్లి ఆ కాయితం ఆఖరిదాకా చదివాను. కాయితంలో కింద ఒక ముక్క ఉంది: ప్రభుత్వ డాక్టరు దగ్గర ఆరోగ్య పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్టు తేవాలి. కళ్లు, గుండె, చెవులు. పనికిరాడని డాక్టరు రాశాడా, పర్మనెంటూ లేదు, ఉన్న టెంపరరీ కూడా ఊడుతుంది. వెళ్లకపోయినా అంతే.

చెవి పరీక్ష ఎలా ఉంటుందో కాలేజీ ప్యూను ఒకడు చెప్పాడు. వాడు అంతకుముందే పాసయినవాడు. మనిషిని కిటికీ వైపు తిప్పి నిలబెడతారు. డాక్టరు వెనకాల దూరంగా నిలబడి, గొంతు తగ్గించి మూడు మాటలంటాడు. తిరిగి అప్పచెప్పాలి.

"ఎనకాల నిలబడతాడా," అన్నాడు బాబాయ్. ఆ పూట ఒక్క తీగ కూడా ముట్టుకోలేదు.

ఆలోచన నాదే. ఎవరి మీదా తొయ్యను. "కిటికీ దగ్గర నేను నిలబడతాను బాబాయ్. నాకు వినపడతాది గదా. నేను పెదాలు కదుపుతాను, నువ్వు చెప్పు," అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, "సదువుకున్న కూతురు, కాయితాలు సూసుకుంటాదని సెబుదాం," అన్నాడు.

మూడు వారాలు తాలీము చేశాం. మగపిల్లలు వెళ్లిపోయాక ఓ అరగంట, తలుపు తీసే ఉంచి. నేను పెదాలతో అంకెలు, ఊళ్లు, కూరగాయలు చెప్పడం, ఆయన అప్పచెప్పడం. నోరు పెద్దది చేస్తే కసిరేవాడు. "అంత సాగదీకు. నోట్లోకి ఈగలు దూరతాయి. అన్నం తిన్నట్టు ఆడించు." ఒక్కోసారి నేను సరిగ్గా చెప్పినా కావాలని తప్పు చెప్పి నా కంగారు చూసి నవ్వేవాడు. ఎంత సరదా మనిషంటే, ఆ మూడు వారాల్లో కొన్ని నిమిషాలు నాకు భయం లేకుండా గడిచాయి. నా జీవితంలో అదో రికార్డు.

పరీక్ష రోజు పొద్దున్న కాలేజీ ఎగ్గొట్టి ఆసుపత్రికి వెళ్లాను. ఆయన ఖాకీలు మాని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. గడ్డం నున్నగా గీయించుకున్నాడు. ఆ బట్టల్లో ఆయన నాకు చిన్నగా కనిపించాడు. లోపల ముగ్గురు మనుషులు మాకంటే ముందున్నారు. తలుపు తెరిచే ఉంది. వసారాలో బల్ల మీద కూచుని చెవులు రిక్కించి విన్నాను. డాక్టరు ముగ్గుర్నీ అవే మాటలు, అదే వరసలో అడిగాడు. పదిహేడు. రాజాం. కొబ్బరికాయ. విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేముంది, మూడు మాటలూ ముందే తెలిసిపోయాయి, దేవుడు మన వైపే ఉన్నాడు అనుకున్నాను. బాబాయ్‌కి పెదాలతో చెప్పేశాను కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మనకేటడుగుతాడో మనకి తెలీదు. ఆయన అన్నాకే అను," అన్నాడు మెల్లిగా. ఆయన మెల్లిగా అంటే వసారా అంతా వినపడేంత.

కాంపౌండరు నన్ను ఆపబోయాడు. "మా పెద్ద గుంటండి. సదువుకున్నాది. కాయితాలు దాని సేతిలో ఉన్నాయండి," అన్నాడు బాబాయ్. డాక్టరుగారు పెద్దాయన, విసుగ్గా ఉన్నాడు. రానిమ్మని చెయ్యి ఊపాడు. కళ్లు చూశాడు, గుండె చూశాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. తర్వాత, "కిటికీ వైపు తిరుగు," అన్నాడు.

కిటికీ పక్కన కాయితాలు గుండెకి హత్తుకుని నేనున్నాను. బాబాయ్ నాకెదురుగా. ఆయన వెనకాల గది ఆ చివర డాక్టరు.

"పదిహేడు," అన్నాడు డాక్టరు నోట్లోనే. నేను పెదాలు కదిపాను.

"పదిహేడు!" బాబాయ్ గొంతు ఖంగుమంది.

"రాజాం." కదిపాను.

"రాజాం!"

ఇంకొక్కటే. ఒకే ఒక్కటి. మూడో మాట రాదే! ఒకటి, రెండు, మూడు, నాలుగు... నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. అనేశాడేమో, నా గుండెదడలో నాకే వినపడలేదేమో, ఆలస్యమైపోతోంది, అనుమానం వచ్చేస్తుంది, ఎందుకు ఊరుకున్నావే దౌర్భాగ్యురాలా అని నాలో ఎవరో అరిచారు. నా పెదాలు కదిలాయి.

"కొబ్బరికాయ!" అన్నాడు బాబాయ్.

ఆయన భుజం మీదుగా చూశాను. కాంపౌండరు ఏదో కాయితం తెచ్చి పట్టుకున్నాడు. డాక్టరు వంగి దాని మీద సంతకం పెడుతున్నాడు. నోరు విప్పనే లేదు. కలం అలాగే ఉంచి మెల్లిగా తలెత్తాడు. బాబాయ్ వీపుని చూశాడు. తర్వాత కిటికీ దగ్గర నన్ను చూశాడు. నా నోరింకా తెరిచే ఉంది.

"అమ్మాయీ, నువ్వు గోడవైపు తిరుగు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

తిరిగాను. సున్నం పెచ్చులూడిన గోడ, నా ముక్కుకి జానెడు దూరంలో. వెనకనుంచి డాక్టరు గొంతు వినపడింది. "బెల్లం." ఏమీ లేదు. "ఇరవై నాలుగు." ఏమీ లేదు. ఇంకాస్త పైకి, "నౌపడ." నాకు గోడవైపు కూడా స్పష్టంగా వినపడింది. నాలుగోసారి మామూలు గొంతుతోనే, "నీ పేరేమిటి?" అన్నాడు. ఆ గదిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

అప్పుడు బాబాయ్ తనంతట తనే వెనక్కి తిరిగినట్టున్నాడు. "బాబూ, గుంటకేటీ తెలీదు. నానే సెయ్యమన్నాను. దాన్నేటీ అనకండి," అన్నాడు.

"ఏం పని చేస్తావు?"

"సౌండు పనండి."

డాక్టరు వచ్చి నా చేతిలోని కాయితాలు తీసుకుని తిరగేశాడు. "పదేళ్లు ఎలా చేశావయ్యా?"

"సేత్తో సేసేనండి."

రాయక తప్పదన్నాడు డాక్టరు. ఎంతమందికో రాశాను, నీకు రాయడమే కష్టంగా ఉంది అని కూడా అన్నాడు. ఆయన తప్పు ఇందులో ఏముంది? తన పని తను చేశాడు. నా పని నేను సరిగ్గా చెయ్యలేదు. మూడు క్షణాలు ఆగితే, "కొబ్బరికాయ" అని డాక్టరు నోటి నుంచే వచ్చేది. లేదా అరటికాయ అనేవాడేమో, అదీ అప్పచెప్పేవాళ్లం. మూడంటే మూడు క్షణాలు.

తర్వాత జరిగింది గబగబా చెప్పేస్తాను, చెప్పడానికి నాకు బాగుండదు. నెల తిరక్కుండా ఉద్యోగం తీసేశారు. సంగతి అందరికీ తెలిసింది. కుర్రాళ్లు నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. రిహార్సల్లో గంతులేసినవాడు తన స్క్రూడ్రైవరు పిడి చూసుకుని బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు. ఆ జాలినే కదా ఆయన భరించలేనన్నది, అందుకే కాబోలు, వీడ్కోలు సభ పెడతామంటే రాలేదు. నెల్లిమర్లలో ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది. ఆ దారిన బస్సులో రెండుసార్లు వెళ్లాను. రెండోసారి కొట్టు ముందే బస్సు ఆగింది కూడా. ఆయన ఒక ఫ్యాను మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఉన్నాడు. దిగలేదు నేను. దిగితే ఏం చెప్పాలో తెలీలేదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఏళ్లు దొర్లిపోయాయి. ఆయన పోయారని క్లబ్బులో నాతో పాటు ఉన్నాయన ఒక పెళ్లిలో కనపడి చెప్పాడు. అప్పటికే పోయి రెండేళ్లయిందట.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆయన ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. ఆసుపత్రి నుంచి బస్సు ఆగేచోటికి నడిచిన దారి. ఎండ మాడిపోతోంది. ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. చేతిలో ఆ కాయితాలు. గేటు దాటిందగ్గర నుంచి మొదలెట్టాను. "తప్పు నాది బాబాయ్. ఆగలేకపోయాను బాబాయ్. నీ బతుకు నేను పాడుచేశాను. నన్ను క్షమించు బాబాయ్." ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, దారినపోయేవాళ్లు తిరిగి చూస్తున్నా సిగ్గు లేకుండా అదే పాట. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తిన్నగా నడుస్తున్నాడు. ఒక్క మాటా ఆయనకి చేరదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే అంత ధైర్యంగా అన్నాను.

బస్సు ఆగేచోట ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. నా కళ్లు చూశాడు, పెదాలు చూశాడు. ఏమీ ఎరగనట్టు, ఎంతో నెమ్మదిగా, "ఏటో అంటన్నావు గుంటా? సెప్పు," అన్నాడు. చెప్పి, నా పెదాల మీదే చూపు నిలిపి ఆగాడు. ఆ మనిషికి ఆగడం తెలుసు.

నేను పైట చెంగుతో మొహం తుడుచుకుని, "ఏటీ లేదు బాబాయ్. బస్సొస్తన్నాది అన్నాను," అన్నాను.